పోగు తెగిన క్షణముననే: సంఘ వ్యాపారములో సంఘటనల లెక్క



మగ్గముపై కూర్చున్న మనిషికి పడుగులో పోగు తెగితే ఎప్పుడు తెలుస్తుంది? ఆ క్షణముననే తెలుస్తుంది. కన్ను చూడకముందే చేతికి తెలుస్తుంది. నాడె ఆపి, పోగు అతికి, మరల నేత సాగిస్తాడు. తెగిన పోగును నెలాఖరున చూచుకొందామని ఏ నేతగాడును అనడు. అట్లు అన్నవాని బట్టను ఎవరును కొనరు.

కాని అదే మనిషి సభ్యుడుగా ఉన్న సంఘములో నూలు తక్కువైన సంగతి నెలాఖరున తెలుస్తున్నది. ఆర్డరు గడువు తప్పుతుందన్న సంగతి గడువు తప్పిన పిమ్మట తెలుస్తున్నది. మగ్గము వద్ద ఉన్న తెలివి పుస్తకము వద్ద ఎందుకు లేకపోయినది? ఈ పాఠములో దానిని గురించి, దానికి నేటి వ్యాపారములో వాడుకలోనున్న ఉపాయమును గురించి, మాకు తెలిసినంతవరకు వ్రాస్తున్నాము. మేము పట్టభద్రులము కాము. సంఘములో తగిలిన దెబ్బవలన నేర్చుకొన్న పాఠమిది.

1. మాకు జరిగిన నష్టము

మాది బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకా హచ్చొళ్ళి. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడము. ఒక ఏడాది మాఘమాసపు పెండ్లిళ్ళకని ఒక వ్యాపారి 60 చీరలకు ఆర్డరిచ్చినాడు. ఆ పని నడుస్తున్న కాలములో మూడు సంగతులు జరిగినవి.

మొదటిది: వచ్చిన నూలులో సగము చిలపలు 80 నంబరుకు బదులు 60 నంబరువి. గుమాస్తా ఆ సంగతి సరుకు పుస్తకములో వ్రాసి, మార్చి పంపుమని నూలు వర్తకునికి కబురు పెట్టినాడు.

రెండవది: పడుగులు తీసుకొనవలసిన 9 ఇండ్లలో 4 ఇండ్లవారు తీసుకొనలేదు. ఒక ఇంట జ్వరము, ఒక ఇంట పెండ్లి, రెండిండ్లలో పాత పడుగు ఇంకను దిగలేదు. ఇది పడుగుల పుస్తకములో ఉన్నది.

మూడవది: వ్యాపారి ఫోను చేసి చీరలు 8 రోజులు ముందుగా కావలెనన్నాడు. ఫోను ఎత్తినవారు కాగితముపై వ్రాసి ఫైలులో పెట్టినారు.

వీటిలో ఏ ఒక్కటియు ప్రమాదము కాదు. నూలు మారి వస్తుంది, జ్వరము తగ్గుతుంది, 8 రోజులు సర్దుకొనవచ్చును. మూడును కలిసినప్పుడే ప్రమాదము. మూడును మా వద్దనే వ్రాతలో ఉన్నవి. కాని మూడు చోట్ల ఉన్నవి. నెలాఖరున లెక్కలు కలిపి చూచినప్పుడు 31 చీరలే సిద్ధముగా ఉన్నవని తేలినది. వ్యాపారి ఆ 31 తీసుకొని మిగిలినవి వద్దన్నాడు. మిగిలిన 29 చీరలు వేసవి దాటిన పిమ్మట తగ్గింపు ధరకు పోయినవి. అంతవరకు నాలుగిండ్లకు మజూరీ పూర్తిగా ఇవ్వలేకపోయినాము. నూలు వర్తకుని తప్పు కొంత ఉన్నది, మా తప్పు ఎక్కువ ఉన్నది. కబురు లేక కాదు, కబుర్లను కలుపలేక నష్టపోయినాము.

2. సంఘటన అనగా నేమి?

వ్యాపారములో జరిగిన ఏ చిన్న పనినైనను, దానికి వేళ చేర్చి వ్రాసినచో, దానిని సంఘటన అంటారు. నూలు వచ్చినది, పడుగు ఇచ్చినాము, చీర దిగినది, డబ్బు జమ అయినది, గడువు మారినది, ఇవన్నియు సంఘటనలే. ప్రతి దానికి నాలుగు అంగములుండవలెను: ఏమి జరిగినది, ఎవరి వద్ద, ఏ సరుకుపై, ఎప్పుడు.

మన పెద్దలకు ఈ విద్య క్రొత్త కాదు. చిట్టా వేరు, ఆవర్జా వేరు అని వారెరుగుదురు. చిట్టాలో జరిగినది జరిగినట్లు, వేళ వరుసను వ్రాస్తారు. వ్రాసిన పద్దు కొట్టివేయరాదు. తప్పు పడితే మరొక పద్దు వ్రాసి సరిచేయవలెను. ఆవర్జాలో ఖాతాల వారీగా నేటి నిలువ కనబడుతుంది. చిట్టా ఉంటే ఆవర్జాను మరల తయారు చేయవచ్చును. ఆవర్జా ఒక్కటే ఉంటే చిట్టా మరల పుట్టదు. నూలు నిలువ 40 చిలపలు అని ఆవర్జా చెబుతుంది. ఆ 40 చిలపలు ఎట్లు మిగిలినవో చిట్టాయే చెప్పవలెను.

పెద్ద కంపెనీల కంప్యూటర్లు ఇటీవల తిరిగి చిట్టా వద్దకే వచ్చినవి. 2011లో అమెరికాలోని లింక్డిన్ కంపెనీవారు కాఫ్కా అను సాధనమును అందరి వాడకమునకు విడుదల చేసినారు. నేడు ఎన్నో బ్యాంకులు, అంగళ్ళు దానిని వాడుతున్నవి. దాని మూలసూత్రమేమి? వచ్చిన ప్రతి సంఘటనను వరుసలో చివర చేర్చుట, వెనుకటి పద్దును దిద్దకుండుట. మన చిట్టా సూత్రమే అది.

3. చిన్న సంఘటనలనుండి పెద్ద సంఘటన

చిట్టా వ్రాయుట సగము పని. వ్రాస్తున్నప్పుడే పద్దులను ఒకదానితో ఒకటి పోల్చి చూచుట మిగిలిన సగము. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డేవిడ్ లక్‌హామ్ 1990 దశకములో ఈ విషయముపై పరిశోధన చేసి, 2002లో ఒక గ్రంథము ప్రకటించినాడు. ఈ విద్యకు కాంప్లెక్స్ ఈవెంట్ ప్రాసెసింగ్ అని పేరు. అనగా, విడివిడిగా చిన్నవైన సంఘటనలను కలిపి, వాటి వెనుకనున్న పెద్ద సంఘటనను సమయము మించకముందే గుర్తించుట.

బ్యాంకు ఉదాహరణ చూడండి. ఉదయము 10 గంటలకు బళ్ళారిలో ఒక కార్డుతో డబ్బు తీసినారు. అందులో తప్పు లేదు. 10 గంటల 10 నిమిషములకు ఢిల్లీలో అదే కార్డుతో డబ్బు తీసినారు. అందులోను తప్పు లేదు. రెండింటిని కలిపి చూస్తే దొంగతనము. పది నిమిషములలో ఏ మనిషియు బళ్ళారినుండి ఢిల్లీ చేరడు. ఈ సంగతి బ్యాంకునకు నెలాఖరున తెలిసి ప్రయోజనమేమి? మూడవసారి డబ్బు పోకముందే తెలియవలెను.

సంఘటనలను కలుపు విధములు ముఖ్యముగా మూడు.

(అ) వరుస. ఒకదాని వెంట ఒకటి వచ్చు సంఘటనలు. నూలు తప్పు వచ్చుట, పడుగులు కదలకుండుట, గడువు ముందుకు జరుగుట, ఈ మూడును ఒకే ఆర్డరుపై పడినవి. పైన చెప్పిన మా నష్టము ఈ జాతిది.

(ఆ) గడువులో లెక్క. కొద్ది రోజులలో ఒకే జాతి సంఘటనలు ఎన్ని వచ్చినవని చూచుట. రంగు దిగుతున్నదని ఒక ఇంటివారు చెబితే అది ఉతుకులో తప్పు కావచ్చును. ఒకే తడవ రంగు వేసిన నూలుపై మూడిండ్లవారు చెబితే తప్పు రంగు కాగులో ఉన్నది. ఆ తడవ చిలపలు వెంటనే ఆపవలెను.

(ఇ) రావలసినది రాకపోవుట. ఇది అన్నింటికంటె విలువైనది, అన్నింటికంటె మనము మరచునది. జరిగినదానిని ఎవరైనను వ్రాస్తారు. జరగనిదానిని ఎవరు వ్రాస్తారు? పడుగు ఇచ్చి 12 రోజులైనను మొదటి చీర రాలేదు. ఆ మౌనము కూడ ఒక సంఘటనయే.

4. ఈ బుద్ధి మగ్గమువద్ద పుట్టినది

జపానులో టొయోడా సకిచి అను వడ్రంగి కుమారుడు 1896లో మరమగ్గము చేసినాడు. పేక తెగినప్పుడు దానంతట అది నిలిచిపోవు ఏర్పాటు ఆ మగ్గములో ఉన్నది. 1924లో నేత ఆగకుండగనే నాడె మార్చుకొను జి-రకపు మగ్గము చేసినారు. 1929లో దాని హక్కులు ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్సు కంపెనీ కొనినది. ఆ కుటుంబమే తరువాత మోటారు కార్ల పరిశ్రమ పెట్టినది. తప్పు కనబడిన క్షణముననే పని నిలుపవలెను, తప్పు సరుకును ముందుకు పోనీయరాదు అను నియమమును ఆ కార్ల ఫ్యాక్టరీలు మగ్గమునుండియే తీసుకొన్నవి.

ఒక మాట దాచరాదు. ఒక మనిషి ఎన్నో మగ్గములు చూచుకొనవలెననియే ఆ ఏర్పాటు పుట్టినది. మరమగ్గము మన కూటికి ఏమి చేసినదో మనకు తెలియును. అందుచేత ఆ యంత్రము మనకు అక్కరలేదు. దాని బుద్ధి మనదే. దానిని లెక్కల బల్లవద్దకు తెచ్చుకొనుటలో సిగ్గు లేదు.

5. మన చుట్టుపట్ల ఇది ఎక్కడ నడుస్తున్నది?

ఆదోనినుండి సరుకు మా ఊరికి రావలెనంటే నేడు రాష్ట్రము దాటవలెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోయినవి, సిరుగుప్ప మైసూరు రాష్ట్రములో చేరినది. 2018 ఏప్రిల్ 1 నుండి, 50,000 రూపాయలకు మించిన విలువగల సరుకు రాష్ట్రము దాటవలెనంటే సామాన్యముగా ఇ-వే బిల్లు ఉండవలెను. 2021 నుండి 200 కిలోమీటర్ల దూరమునకు ఒక రోజు చొప్పున ఆ బిల్లునకు గడువు ఇస్తున్నారు. ఆ ఏటనే ఈ బిల్లుల లెక్కను టోలుగేట్ల ఫాస్టాగ్ లెక్కతో జోడించినారు. బండి గేటు దాటుట ఒక సంఘటన. బిల్లు పుట్టుట మరొక సంఘటన. గేటు దాటినది, బిల్లు లేదు అనునది మూడవ జాతి సంఘటన, అనగా రావలసినది రాకపోవుట. అది కొద్ది నిమిషములలో పన్ను అధికారులకు తెలుస్తున్నది. బిల్లు తరువాత చేయించుకొందామను పాత అలవాటు ఇక చెల్లదు. నూలు బండి కదలకముందే బిల్లు చేతిలో ఉండవలెను.

నది సంగతి మన ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయినది. తక్కిన గేట్లనుండియు నీరు వదలి ఒత్తిడి తగ్గించినారు. కన్నయ్యనాయుడుగారి సలహాపై ఇంచుమించు వారములో తాత్కాలికముగా ఇనుప పలకలు దించి నీటిని నిలిపినారు. లోనికి వచ్చు నీరెంత, మట్టమెంత, పోవు నీరెంత అను లెక్కలను గంటగంటకు కలిపి చూడనిదే అటువంటి పని సాగదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కూడ 2017లో వెలగపూడి సచివాలయమునందు తుపాను వార్తలు, ప్రజల ఫిర్యాదులు, కెమెరాల చిత్రములు ఒకే చోట చేర్చి చూచుటకు రియల్ టైమ్ గవర్నెన్సు కేంద్రము తెరచినది. ఎక్కడ చూచినను సూత్రమొకటే: కబుర్లు ఒక చోట చేరవలెను, వేళ దాటకముందు కలియవలెను.

6. ఇందులోని చిక్కులు

ఈ పని వినుటకు సులభము. చేయబోతే నాలుగు చిక్కులు వచ్చినవి.

మొదటి చిక్కు, జరిగిన వేళ వేరు, చేరిన వేళ వేరు. బుధవారము దిగిన చీర శనివారము కార్యాలయమునకు వస్తుంది. చేరిన వేళ మాత్రమే వ్రాస్తే ఊరంతయు శనివారమే నేసినట్లుంటుంది. కనుక చిట్టాలో రెండు తేదీల గళ్ళు ఉండవలెను.

రెండవ చిక్కు, ఒకే కబురు రెండుసార్లు వచ్చుట. ఫోనులో పంపినది చేరలేదేమోనని మరల పంపుతారు. అప్పుడు ఒక చీర రెండు చీరలవుతుంది. ప్రతి పద్దునకు ఒక నంబరుండవలెను. అదే నంబరు మరల వస్తే దానిని లెక్కించరాదు.

మూడవ చిక్కు, ఒక వస్తువునకు పలు పేర్లు. మా సంఘములో ఒకే రంగును ఒకరు నెమలికంఠమన్నారు, ఒకరు ముదురు నీలమన్నారు, ఒకరు కన్నడములో మరొక పేరు వ్రాసినారు. పేర్లు కలియనిచో పద్దులు కలియవు. ఇప్పుడు ప్రతి రంగునకు, ప్రతి నూలునకు, ప్రతి పడుగునకు ఒక అంకె పెట్టినాము. అంకెకు తెలుగు, కన్నడ భేదము లేదు.

నాలుగవ చిక్కు, హెచ్చరికలు మితిమీరుట. మేము మొదట పది నియమములు పెట్టినాము. ఫోను రోజంతయు మోగినది. రెండు వారములలో దానిని చూచుట అందరును మానుకొన్నాము. ఊరికే మొరిగే కుక్కను దొంగ వచ్చిననాడు కూడ ఎవరును లెక్కచేయరు. ఇప్పుడు మూడు నియమములే ఉన్నవి.

7. మేము పెట్టుకొన్న మూడు నియమములు

ఇందుకు గొప్ప యంత్రమేమియు కొనలేదు. కార్యాలయములో ఒక కంప్యూటరు పట్టిక, గుమాస్తా వద్ద ఒక ఫోను, అంతే. నూలు, పడుగు, చీర, ఆర్డరు, ఫిర్యాదు, డబ్బు, అన్ని పద్దులు ఒకే చిట్టాలో జరిగిననాడే ఎక్కవలెను.

నియమము 1: ఒకే ఆర్డరుపై 7 రోజులలో రెండు ఆటంకములు పడితే, ఆ సాయంత్రమే కార్యదర్శియు ఇద్దరు డైరెక్టర్లును కూర్చొని నిర్ణయము చేయవలెను. గడువు పెంచుమని వ్యాపారిని ముందే అడుగుటయా, పడుగులు వేరే ఇండ్లకు మార్చుటయా అనునది అప్పుడే తేలవలెను.

నియమము 2: ఒకే తడవ రంగు వేసిన నూలుపై 15 రోజులలో మూడు ఫిర్యాదులు వస్తే, ఆ తడవ చిలపల పంపకము గుమాస్తా వెంటనే ఆపవలెను. అందుకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

నియమము 3: పడుగు ఇచ్చి 12 రోజులకు మొదటి చీర పద్దు లేకపోతే, ఒక డైరెక్టరు ఆ ఇంటికి పోయి క్షేమము విచారించవలెను.

ప్రతి నియమములోను చేయవలసిన మనిషి, చేయవలసిన పని ఉన్నవి, గమనించండి. హెచ్చరిక తరువాత ఎవరు కదలవలెనో చెప్పని నియమము నియమమే కాదు.

డబ్బు విషయములో ఒక జాగ్రత్త చెబుతాము. కొనుగోలుదారు తన ఫోనులో చూపించు బొమ్మ సంఘటన కాదు, అది బొమ్మ మాత్రమే. మన బ్యాంకు ఖాతాలో జమ పడుటయే సంఘటన. జమ చూడనిదే చీర కట్ట ఇవ్వరాదు.

అంతయు బాగుపడినదని చెప్పము. ఇటీవల రెండవ నియమము మోగి ఒక తడవ చిలపలను ఆపినాము. కాని అప్పటికే ఐదు పడుగులు ఇండ్లకు పోయియున్నవి. ఆ ఐదింటి నష్టము సంఘమే భరించినది. నియమము లేకపోతే ఆ తడవ నూలంతయు మగ్గములెక్కియుండేది.

8. ఒక సభ్యురాలి ప్రశ్న

ఈ పద్ధతిని సర్వసభ్య సమావేశములో వివరించినప్పుడు ఒక పెద్దామె లేచి, "మేము ఎన్ని గంటలకు మగ్గము దిగినామో, ఎన్నిసార్లు నీళ్ళు తాగినామో అది కూడ వ్రాస్తారా అయ్యా?" అని అడిగినారు. సభలో కొందరు నవ్వినారు. మాకు నవ్వు రాలేదు. అడుగవలసిన ప్రశ్న అదియే.

సంఘటనల లెక్క కత్తివంటిది. నూలుపై పెడితే సంఘమును కాపాడుతుంది. మనిషిపై పెడితే సభ్యుని కూలివానిగా మారుస్తుంది. గంటల లెక్క ఉన్న చోట మేస్త్రీ పుడతాడు. మనము సంఘము పెట్టుకొన్నది మరొక మేస్త్రీ కొరకు కాదు. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పినదియు నేతగాడు తన పనికి తానే యజమాని కావలెనను ఆశతోనే కదా.

అందుచేత ఆ సభలోనే నాలుగు తీర్మానములు చేసినాము. మగ్గము గంటలు ఏనాడును వ్రాయరాదు. హెచ్చరికను చూపి మజూరీ తగ్గించరాదు. ప్రతి సభ్యుడును తన పేరనున్న పద్దులను అడిగి చూచుకొనవచ్చును, తప్పుంటే దిద్దించుకొనవచ్చును. సభ్యుల పద్దులు సంఘము వెలుపలివారికి ఇవ్వరాదు. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము కూడ ఒకరి సమాచారముపై వారికి హక్కున్నదని చెబుతున్నది.

ఆమె ప్రశ్నవలన మరొక మేలు జరిగినది. పడుగు ఆలస్యమైన ఇండ్లకు పోయి విచారిస్తే, పలు చోట్ల మగ్గము సిద్ధమే, కండెలు లేవు. కండెలు చుట్టు ఇంటి ఆడవారికి జబ్బు, లేక పొలములో నాట్ల పని. మా చిట్టాలో వారి పనికి గడి లేదు. లేని గడిని ఏ కంప్యూటరును చదువలేదు. ఇప్పుడు కండెలు చుట్టిన ఇల్లాలి పేరు కూడ పడుగు పద్దులో వ్రాస్తున్నాము. ఆ పనికి వేరే మజూరీ ఎంత ఇవ్వవలెనన్నది వచ్చే సభలో చర్చకు పెట్టినాము.

అభ్యాసము

ఈ క్రింది చిట్టా ఒకే ఆర్డరునకు చెందినది. పై నియమములనుబట్టి ఏ తేదీన ఏ హెచ్చరిక మోగవలెనో ఇంటిల్లిపాది కలిసి చూడండి.

2వ తేదీ: 17వ పడుగు అప్పగింత.
5వ తేదీ: 100 నంబరు నూలు నేడు రావలెను, రాలేదు.
9వ తేదీ: వ్యాపారి గడువును 28 నుండి 22వ తేదీకి మార్చినాడు.
15వ తేదీ: 17వ పడుగునుండి రెండు చీరలు చేరినవి. దిగిన తేదీలు 10, 13.

జవాబు: 9వ తేదీన మొదటి నియమము మోగవలెను, నాలుగు రోజులలో రెండు ఆటంకములు పడినవి కనుక. 14వ తేదీన మూడవ నియమము మోగుతుంది. కాని మొదటి చీర 10వ తేదీనే దిగినదని మరునాడు తెలిసినది. అనగా ఆ హెచ్చరిక తప్పు. తప్పు నేతగానిది కాదు, కబురు ఆలస్యముగా చేరినది. అందుకే మూడవ నియమములో జరిమానా పెట్టలేదు, క్షేమము విచారించుమని మాత్రమే పెట్టినాము.

చివరగా ప్రతి సంఘమువారును ఒక పని చేయవలెనని కోరుతున్నాము. గత ఏడాది మీకు తప్పిపోయిన ఒక ఆర్డరును తీసుకొని, దానిని గురించిన కబుర్లు ఎన్ని పుస్తకములలో, ఎన్ని జేబులలో, ఎన్ని ఫోనులలో ఉన్నవో లెక్కించండి. ఆ సంఖ్య ఒకటికి దిగిననాడు పోగు తెగిన సంగతి మగ్గమువద్దవలెనే లెక్కల బల్లవద్దను తెలుస్తుంది. అతుకవలసినది మాత్రము మన చేయియే.